వీరదుర్గ చేప మానేసింది

నరసాపురంలో గోదావరి దాటించే పంటు రేవుకి వెళ్లే దారిలో చేపలమ్మే రత్తమ్మ గురించి ఎవరినడిగినా చెబుతారు. ఆవిడ కూతురు వీరదుర్గ చేప మానేసిందన్న సంగతి మాత్రం అడక్కపోయినా చెబుతారు. వేటకెళ్లే ఇంట పుట్టిన పిల్ల చేప ముట్టనంటే ఆ వీధికి అంతకంటే వింత ఏముంటుంది? తండ్రి వెంకటరమణ కాకినాడ బోట్ల మీద వెళ్తే వారాల తరబడి రాడు. ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్లిద్దరే. కూతురికి పదహారేళ్లు, ఇంటర్ చదువుతోంది.

కిందటి శీతాకాలంలో కాలేజీ వాళ్లు పిల్లల్ని సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లారు. అక్కడ ఓ తాబేలు చచ్చి పడి ఉంది. మెడ చుట్టూ నైలాన్ వల ముక్క బిగుసుకుపోయింది. తెగిన వలను నీళ్లలో వదిలేయడం వీరదుర్గ పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, వాళ్ల నాన్నా వదిలేస్తాడు. ఆ ముక్క మాత్రం నాన్నది కాకూడదని అక్కడే నిలబడి మొక్కుకుంది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే చందువా వేపుడు గొంతు దిగలేదు. కొన్నాళ్లకి పక్క వీధిలో పాలాయన చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ఆవు ముందు నిలబెట్టాడు. ఆవు దాన్ని నాకుతూ పాలిచ్చింది. ఆ రోజుతో మాంసం, గుడ్డు, చివరికి పాలూ పెరుగూ కూడా మానేసింది.

ఊరుకునే పిల్ల అయితే అంతటితో సరిపోయేది. ఆదివారాలు ఒడ్డు వెంట తిరిగి వల ముక్కలు ఏరి యూరియా సంచుల్లో కుక్కేది. తల్లి బేరం దగ్గరికొచ్చి, "ప్లాస్టిక్ కవర్లో వద్దండి, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోండి" అని కొనేవాళ్లకి చెప్పేది. రెండు రోజులు చూసి రత్తమ్మ తల పట్టుకుంది.

"చేప తిననిదానివి, దాన్ని ఎందులో పెట్టివ్వాలో నువ్వు చెబుతావేంటే తల్లీ! ఉన్న బేరాలు కూడా పోగొట్టేలా ఉన్నావు" అంది.

అయినా ఇప్పుడు చాలామంది డబ్బాలు తెస్తున్నారు. రత్తమ్మ ఆ మాట కూతురి ముందు ఒప్పుకోదు గానీ, పక్క గంపల వాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకుంటుంది.

ఇంతవరకూ ఊరికి తెలిసిందే. వీరదుర్గకు తప్ప ఎవరికీ తెలియనిది ఇంకొకటుంది. ఆ పిల్లకి చేపల పులుసు కావాలి. రోజూ కావాలి. వీధిలో ఎవరింట్లో చింతపండు రసం మరిగినా చదువుతున్న పుస్తకం మీద చూపు నిలవదు. అంతకంటే ఎక్కువగా అమ్మ చేతి ముద్ద కావాలి. బేరం నుంచి రాగానే రత్తమ్మ చేతులు పసుపూ నిమ్మచెక్కా పెట్టి రుద్దుకుని, అన్నం కలిపి కూతురికి ముద్దలు పెట్టేది. ఇంటర్‌కొచ్చినా ఆ అలవాటు పోలేదు. చేప మానేశాక మాత్రం రత్తమ్మ కంచం ముందు పెట్టి దూరంగా జరిగిపోయింది.

"నా చెయ్యి ఎంత కడిగినా నీచు వాసనే కదా. నువ్వే కలుపుకో" అంది.

అలా కాదమ్మా అనబోయింది వీరదుర్గ. అప్పటికే రత్తమ్మ గంప కడగడానికి పెరట్లోకి వెళ్లింది. ఆ రోజు నుంచి పప్పన్నం తనే కలుపుకుని, సగం తిని లేచిపోయేది. నెలలు గడిచేసరికి బుగ్గలు లోపలికి పోయాయి.

చూసి చూసి రత్తమ్మ ఓ రోజు సొరకాయ కూర చేసింది. కూతురు మొదటి ముద్దకే తలెత్తి చూసింది. రెండోసారి అన్నం అడిగింది. తల్లి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో తనకు తెలియకుండానే కంచం దగ్గరికి లాక్కుని ముద్దలు పెట్టేసింది. మర్నాడు బీరకాయ, ఆ మర్నాడు గోంగూర. ఎండాకాలమంతా వీరదుర్గ అమ్మ చేత్తోనే తిన్నది. అంత సుఖంగా ఎప్పుడూ లేదు.

ఓ ఆదివారం ఒడ్డు నుంచి తొందరగా వచ్చేసరికి రత్తమ్మ పొయ్యి దగ్గరుంది. కూతుర్ని చూస్తూనే, నవ్వుతూనే, పోపు సామాన్ల వరసలోంచి డబ్బా తీసి గుప్పెడు ఎర్రటి పొట్టు బాణలిలో వేసింది.

"అదేంటమ్మా?"

"రొయ్యపొట్టు. రోజూ వేసేదేగా. అది పడకపోతే సొరకాయకి రుచెక్కడిదే?"

"అమ్మా! నేను తిననని చెప్పానుగా!"

"చేప తిననన్నావు. మాంసం, గుడ్డు, పాలు వద్దన్నావు. పొట్టు వద్దని ఎప్పుడన్నావు? అది కూరేంటే, ఆవాలు జీలకర్రలాగా పోపు సామానే కదా!"

రత్తమ్మ మొహంలో మోసం లేదు. వీరదుర్గకి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఎందుకంటే ఆ రుచేమిటో నాలుకకు మొదటి రోజే తెలుసు. అడిగితే ముద్ద ఆగిపోతుందని అడగలేదు, అంతే. ఒడ్డున ఎన్ని సంచులు నింపినా ఈ దొంగతనం తనదే. గోడకి జారబడి ఏడ్చేసింది.

రత్తమ్మ కంగారుగా వచ్చి, ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీకంత అసహ్యమైతే ఇంక వెయ్యనులే. నా చేతి వంటే మానెయ్. నేనెలాగూ చేపలదాన్నే."

"అసహ్యమా? అసహ్యమైతే మానడం ఏం కష్టమమ్మా! నాకు పులుసు కావాలి. రోజూ నోరూరి చచ్చిపోతున్నాను. కావాలనిపించినా తిననని అనుకున్నాను. నువ్వు దూరం జరుగుతావని మాత్రం అనుకోలేదు."

రత్తమ్మ బాణలి దించి పక్కన పెట్టి, ఇంకో సొరకాయ తరిగింది. పొట్టు వెయ్యకుండా వండింది. నోట్లో వేసుకుని చూసి మొహం ముడుచుకుంది.

"గడ్డిలా ఉందే."

"తెలుసు. పెట్టు."

తల్లి చెయ్యి కడుక్కొచ్చి అన్నం కలిపింది. కూర నిజంగానే చప్పగా ఉంది. పసుపు వాసనకు అడుగున, పొద్దున అమ్మిన చేపల వాసన ఆ వేళ్లకు ఇంకా ఉంది. వీరదుర్గ ముద్ద మింగేసింది గానీ, ఆ వేళ్లని పెదాల మధ్య నుంచి కాసేపు వదల్లేదు.