తడిపితే ముడుచుకుంటుంది

ఒక మాట చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. అది ఇంకా నా గొంతులోనే ఉంది, మింగుడు పడదు, బయటికి రాదు.

మీ పేరు నాకు తెలీదు, నా పేరు మీకు చెప్పను. ఈ ఒప్పందం మీదే రాస్తున్నాను. ఇదేం హత్య కాదు, దొంగతనం కాదు. జూడో డ్రెస్ కొనేటప్పుడు స్నేహితురాలికి చెప్పకుండా దాచేసిన మాట. ఇంతేనా అని మీరనుకుంటే తప్పులేదు. నేనూ చాలాకాలం ఇంతేనా అనే అనుకున్నాను. మరి ఇంతే అయితే, ఆమె బజార్లో ఎదురుపడితే నాకు అవసరం లేకపోయినా పక్కనున్న చెప్పుల షాపులోకి ఎందుకు దూరేదాన్ని? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెతలోనే ఉందనుకోకండి. నేను తడుముకుంటూనే బతికాను.

మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. లైనింగు, పాప్లిన్, లంగా గుడ్డ, అలాంటివి. మా నాన్నకి ఒక అలవాటుండేది. నూలు గుడ్డ ఎవరు కొన్నా, చింపి మడతపెట్టి చేతికిస్తూ ఒకే మాట అనేవాడు. "తడిపి కుట్టించుకోండమ్మా. తడిపితే ముడుచుకుంటుంది. తరవాత నన్ననుకోకండి." రోజూ వచ్చే దర్జీలకి కూడా అదే చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నా పెళ్ళి అప్పగింతల్లో అల్లుడికి కూడా ఇదే చెబుతాడని అమ్మ ఏడిపించేది. నాన్న మాత్రం పట్టించుకునేవాడు కాదు. గుడ్డ అమ్మినవాడు ఆ మాట చెప్పకపోతే అది సగం అబద్ధమే అనేవాడు.

ఆ మాట వింటూ పెరిగాను. అది గుర్తుపెట్టుకోండి.

జూడో నేర్చుకునే హాలు గోదావరి గట్టుకి దగ్గరలో ఉండేది. ఆ స్నేహితురాలు ఎస్తేరు, కొవ్వూరు నుంచి బ్రిడ్జి మీద బస్సులో వచ్చేది. వాళ్ళమ్మగారు టీచరు, తండ్రి లేడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే బరువు, అందుకని మాస్టారు రోజూ మా ఇద్దరినే జత కట్టేవాడు. ఆమె నాకంటే బాగా ఆడేది. ఈ ముక్క రాయడానికి పెన్ను కాసేపు ఆగింది. అవును, బాగా ఆడేది. నేను బలంతో లాగేదాన్ని, ఆమె నా బలంతోనే నన్ను పడేసేది. పడేసి, చెయ్యిచ్చి లేపేది. లేపినందుకు నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఆ ఏడాది కాకినాడలో సెలక్షన్స్. ఒక్కో బరువులో ఒక్కరినే రాష్ట్రం పోటీలకి పంపుతారు. ఆ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ టీచరు ట్రైనింగ్‌కి సీటొస్తుంది. జూనియర్స్‌లో మా ఇద్దరికీ అదే ఆఖరి అవకాశం. ఆ సీటు ఆమెకి కావాలి, నాకూ కావాలి. వాళ్ళమ్మగారి జీతం మీద ఇల్లంతా నడుస్తోందనీ, ఎస్తేరుకి ఉద్యోగం రావడం వాళ్ళకెంతో అవసరమనీ నాకు తెలుసు. తెలీదని చెప్పుకునే వీలు నాకు ఏ విషయంలోనూ లేదు.

సరిగ్గా అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

ప్రాక్టీసయ్యాక ఎస్తేరు మాస్టారి దగ్గరికెళ్ళి గుసగుసగా ఏదో మాట్లాడేది. నేను దగ్గరికెళ్తే ఆపేసేది. ఒకసారి వాళ్ళమ్మగారు కూడా వచ్చారు. ముగ్గురూ హాలు బయట నిలబడి మాట్లాడుకుని, నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను తాడుని చూసి పామనుకునే రకం, అది చిన్నప్పటి నుంచీ ఉంది. పేరు ముందే రాయించుకుంటోందా? నన్ను వేరే బరువులోకి మార్చేయమంటోందా? మాస్టారు నా కళ్ళల్లోకి చూడకుండా "బాగా తిను" అంటే, బరువు పెంచి నన్ను తప్పించడానికే అనుకున్నాను. ఆయన అందరితోనూ అదే అంటాడని నాకు తెలుసు. అయినా అనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు కదా, నేను దానికి మూడు పూటలా వండి పెట్టాను.

సెలక్షన్స్‌కి కొత్త డ్రెస్ ఉండాలన్నాడు మాస్టారు. పాతవి పల్చబడి, చంకల దగ్గర కుట్లు వదిలాయి. నేను ముందే కొనుక్కున్నాను, ఒక సైజు పెద్దది. నాన్న దాన్ని గంగాళంలో చన్నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, మళ్ళీ నానేసి, సరిగ్గా నా మణికట్టు దగ్గరికి తెచ్చిపెట్టాడు. జూడో చొక్కా గుడ్డ మీరు చూశారో లేదో. బియ్యపు గింజలు పరిచినట్టు ఉంటుంది దాని నేత, దుప్పటంత మందం. అంతా పచ్చి నూలు. నూలు ఎంత మందంగా ఉంటే అంత ముడుచుకుంటుంది.

తరవాత వారం ఎస్తేరు నన్ను తోడు రమ్మంది. ఆ షాపాయనకి క్రికెట్ బ్యాట్ల గురించి తప్ప ఇంకేమీ తెలీదు. రెండు డ్రెస్సులు బల్ల మీద పడేసి, ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. ఒకటి ఎస్తేరు ఒంటికి పోత పోసినట్టుంది. రెండోది పెద్దది, చేతులు అరచేతుల మీదికి జారుతున్నాయి. నేను కుట్లు లాగి చూశాను. మెడపట్టీ గట్టిగా ఉందా, మోకాళ్ళ దగ్గర రెండో పొర వేశారా, కింద అంచు పిరుదుల్ని కప్పుతోందా, అన్నీ చూశాను. ఎంత శ్రద్ధగా చూశానంటే, నేను మోసం చేస్తున్నానని నాకే అనుమానం రాలేదు.

"ఏదే? చెప్పవే, నీకు గుడ్డ సంగతి తెలుసు కదా," అంది.

"ఇదే. అచ్చం కొలిచి కుట్టినట్టుంది."

"అది పెద్దది కదా, ఇంకో రెండేళ్ళు వస్తుందేమో?"

"గోనెసంచిలా ఉంది. వదులుగా ఉంటే అవతలివాళ్ళకి పట్టు దొరుకుతుంది."

"నువ్వన్నావంటే ఇంక సరే," అని మడతపెట్టేసింది.

నేను చెప్పినవన్నీ నిజాలే. వదులుంటే పట్టు దొరుకుతుంది, నిజమే. కొలిచి కుట్టినట్టుంది, అదీ నిజమే. ఒక్క మాట మిగిలింది. షాపు మెట్లు దిగుతుంటే అది నాలుక మీదికి వచ్చింది. నాన్న గొంతుతోనే వచ్చింది. అప్పుడు ఎస్తేరు, రేపు కొంచెం ముందే వెళ్తాను, మాస్టారితో పనుంది అంది. ఏం పని అన్నాను. ఏం లేదులే అంది. నేను నోరు మూసుకున్నాను.

వాళ్ళమ్మగారు తెల్లబట్టలు ఎలా ఉతుకుతారో నాకు తెలుసు. ఎస్తేరే చెప్పేది, ఆదివారం చర్చికి వేసుకునేవి సోడా వేసి ఉడకబెడితేగానీ ఆవిడకి తృప్తి ఉండదని. కూతురు కాకినాడలో మల్లెపువ్వులా కనబడాలని ఆవిడ బయల్దేరే ముందు రోజు ఆ డ్రెస్‌ని కూడా ఉడకేశారు.  ఆవిడ ప్రేమగా చేసిన పనే, నేను దాచిన మాటకి ఆయుధమైంది.

కాకినాడలో మ్యాట్ ఎక్కేముందు డ్రెస్ చూస్తారు. చేతులు ముందుకి చాపమంటారు. చొక్కా చెయ్యి మణికట్టు దాకా రావాలి. ఎస్తేరు చాపింది. నాలుగు వేళ్ళ మేర పైనే ఆగిపోయింది. ఆమె భుజాలు కిందికి లాక్కుంది, చేతుల అంచులు లాగింది, వేళ్ళతో పట్టుకుని నిలబడింది, చిన్నపిల్లలు పొట్టి గౌనుని లాక్కున్నట్టు. ఆ అధికారి కసురుకోలేదు, మంచాయనే. వేరే డ్రెస్ ఉంటే మార్చుకుని రామ్మా, టైముంది అన్నాడు.

నా సంచిలో నా పాత డ్రెస్ ఉంది. చంకలో కుట్టు వేయించి తెచ్చాను, ఎందుకైనా మంచిదని. మా ఇద్దరిదీ ఒకే కొలత. ఎస్తేరు నన్ను అడగలేదు. నా ఒంటి మీదున్నది తప్ప ఇంకోటి నా దగ్గరుంటుందని ఆమెకి తోచి ఉండదు. నేను సంచి జిప్పు లాగి, కాళ్ళతో బెంచీ కిందికి తోశాను.

షాపులో మర్చిపోయానని ఎవరితోనైనా వాదించగలనేమో. బెంచీ కింద జరిగినదానికి వాదన లేదు.

ఎవరో లావుపాటి అమ్మాయి తన డ్రెస్ ఇచ్చింది. అది ఎస్తేరు మీద నిజంగానే గోనెసంచిలా ఉంది. అవతలి పిల్ల చొక్కా చేతిని గుప్పిట నిండా పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఎస్తేరు అలా పడటం నేనెప్పుడూ చూడలేదు. లేచి, వంగి నమస్కరించి, దిగి వచ్చి, నా పక్కన కూర్చుని, నా భుజం తట్టింది. నువ్వన్నా గెలువు అంది. గెలిచాను. ఆమె లేకపోతే నాకు అడ్డం ఎవరున్నారు?

తిరుగు బస్సులో మాస్టారు నా పక్కన కూర్చుని తనలో తను అన్నట్టు చెప్పాడు. పాపం, ఆదివారం పొద్దున ప్రాక్టీసు పెడితే ఆరాధనకి వెళ్ళలేకపోతున్నాననీ, చర్చి అయ్యాక వచ్చి ఆ లోటు తీరుస్తాననీ రోజూ బతిమాలేది, మిగతావాళ్ళు ఏమనుకుంటారో అని ఎవరి ముందూ అడిగేది కాదు అన్నాడు. వాళ్ళమ్మగారు వచ్చిందీ అందుకే. అదీ ఆ గుసగుస. నన్ను చూసి నవ్వింది ఎందుకు? నేనెదురైతే ఎప్పుడూ నవ్వేవాళ్ళే, అందుకు.

అప్పుడు చెప్పొచ్చు కదా అంటారేమో. ముందు సీట్లో ఎస్తేరు కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. లేపి ఏం చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. రేపు ఆమె రాలేదు. ఇంకెప్పుడూ రాలేదు.

రాష్ట్రం పోటీల్లో మొదటి పట్టులోనే ఓడిపోయాను. అయినా సర్టిఫికెట్ వచ్చింది, సీటొచ్చింది, ఉద్యోగం వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఒక స్కూల్లో వ్యాయామ టీచర్ని. జూడో కూడా నేర్పుతాను. ఎస్తేరు కొవ్వూరులోనే ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఏటా క్రిస్మస్‌కి కేకు పంపుతుంది. ఎందుకు పంపుతోందీ అని ముందు అనుమానించి, తరవాత తినేదాన్ని. తెలిసి పంపుతోందా, తెలీక పంపుతోందా? నన్ను ఇంటికి పిలిస్తే, అడగడానికే పిలుస్తోందనుకుని ఏదో సాకు చెప్పేదాన్ని. అప్పట్లో ఆమె నన్ను మోసం చేస్తోందని అనుమానం. ఆ తరవాత నా మోసం ఆమెకి తెలిసిపోయిందని అనుమానం. ఆమె మాత్రం రెండుసార్లూ ఏమీ చేయలేదు.

మొన్న కూతుర్ని తీసుకుని మా స్కూలుకి వచ్చింది. జూడో నేర్పమంది. ఎంతమంది కోచ్‌లు లేరు, నా దగ్గరికే ఎందుకు? డ్రెస్ కొనడానికి తోడు రమ్మంది. వెళ్ళాను. షాపు వేరే, బల్ల వేరే. రెండు డ్రెస్సులు పరిచి, తల పక్కకి వంచి అదే మాట అంది.

"నువ్వే చెప్పు. నీకు గుడ్డ సంగతి తెలుసు కదా."

 ఆమె మొహంలోకి చూశాను. వెతికాను. ఏమీ దొరకలేదు. ఆ అమ్మాయి సరిపోయిన డ్రెస్ వేసుకుని అద్దం ముందు మురిసిపోతోంది. దాని చేత అది విప్పించి, పెద్దది తొడిగాను. చేతులు అరచేతుల మీదికి జారాయి. ఇదే తీసుకో అన్నాను. చన్నీళ్ళలో నానెయ్యి, నీడన ఆరెయ్యి, మీ అమ్మగారి చేత ఉడకబెట్టించకు అన్నాను ఎస్తేరుతో. "తడిపితే ముడుచుకుంటుంది. తరవాత నన్ననుకోకు." అలవాటుగా వచ్చేసింది.

ఎస్తేరు డ్రెస్ మడతపెడుతూ నవ్వింది.

"నిన్నెప్పుడనుకున్నానే?"

మామూలుగా అంది. నేను ఆ మాటని ఇంటికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూశాను, కుట్లు లాగి చూసినట్టు. తెలిసి అందా? తెలిసి, వదిలేశానని చెప్పిందా? లేక నిజంగానే ఏమీ తెలీదా? ఎంత లాగినా ఒక్క పోగు ఊడి రాలేదు. అక్కడే చెప్పి ఉండాల్సింది. పిల్ల ఉందని ఊరుకున్నాను. పిల్ల లేకపోతే ఇంకేదో ఉండేది, నా సంగతి నాకు తెలుసు.

అందుకే ఇక్కడ చెబుతున్నాను, నన్ను ఏమీ చేయలేని మీతో. ఇది కూడా పిరికితనమే. అయినా రాస్తుంటే గొంతు కొంచెం తెరుచుకుంటోంది, ఆ సంగతి దాచను.

ఎస్తేరూ, నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. సంచిలో ఇంకో డ్రెస్ ఉంది. ఉండే ఇవ్వలేదు. నువ్వెప్పుడూ నన్ననుకోలేదు.

నన్నే అనుకోవాలి.