డార్మ్‌స్టాట్ వడ్రంగిపిట్ట

ఆ లాక్‌డౌన్ నవంబరులో గిరిజకి జర్మనీలోని డార్మ్‌స్టాట్ ఊరంతా వంటింటి కిటికీలోనే ఉండేది. ఎదురు మేడ మీద పొగమంచు, కింద ఖాళీగా సాగిపోయే ట్రాము. ఫ్రాంక్‌ఫర్ట్ రైలెక్కి ఆఫీసుకి వెళ్ళిన రోజులు ఎవరో చెప్పిన కథలా అనిపించేవి. ఆమెది కరీంనగర్. చూపు తగ్గినవాళ్ళు కూడా అవస్థ పడకుండా చదువుకునేలా వెబ్‌సైట్లు దిద్దడం ఆమె ఉద్యోగం. దానికి ఎవరూ మెచ్చుకోరు. హాయిగా చదవగలిగే పేజీని ఎవరూ గమనించరు కదా.

ఒకరోజు మెట్ల పక్కన గోడ మీద ఒక కాగితం కనిపించింది. పై అంతస్తు హెర్ లెంట్స్, అంటే లెంట్స్ గారు, అంటించాడు. టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరైన ఆయనకి రేడియో అంటే ప్రాణం. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి ఈ భవనంలో ఏదో కరెంటు పరికరం ఉదయంపూట తన రేడియోని రొదతో ముంచేస్తోందట. ఎవరికైనా తెలిస్తే దయచేసి బెల్లు కొట్టమని రాసి, కింద తన వెబ్‌సైట్ చిరునామా ఇచ్చాడు.

గిరిజ తెరిచి చూసింది. నల్లటి నేల మీద ఎర్రటి అక్షరాలు, మూలమూలనా మిణుకుమనే నక్షత్రాలు, పేజీకి అడ్డంగా పరుగెత్తే స్వాగతం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మూసెయ్యలేకపోయింది. ఆ మిణుకుల అడుగున ఒక మనిషి ఏళ్ళ తరబడి ఆకాశాన్ని కొలిచి పెట్టుకున్న అంకెలున్నాయి. ఏ దేశం నుంచి ఏ సంకేతం వచ్చింది, రేడియో మీటరులో ముల్లు ఎంతవరకు లేచింది, ఆ రోజు వాన పడిందా, మంచు కురిసిందా. వర్షంలో తడిసిన ఉత్తరాల్లా ఉన్నాయవి. ఆరబెట్టి చదవాలనిపించింది.

డబ్బులేమీ వద్దు, మీ సైటుని చదివేలా చేసిపెడతాను అని మెయిల్ రాసింది. ఆయన ఒక్క షరతు పెట్టాడు. అంకె ఒక్కటి కూడా మారకూడదు.

మెట్ల మీద మాస్కులతో, దూరదూరంగా నిలబడి మాట్లాడుకున్నారు. అప్పుడే యుహా సంగతి తెలిసింది. యుహా ఫిన్లాండ్‌లో ఒక సరస్సు ఒడ్డున ఉంటాడు. ఏళ్ళుగా వీళ్ళిద్దరిదీ ఒకే ఆట. రోజూ ఉదయం ఏడున్నరకి ఒకరి సంకేతాన్ని ఒకరు కొలుచుకుంటారు, మెల్లమెల్లగా పవరు తగ్గించుకుంటూ పోతారు. ఎంత తక్కువతో ఒకరికొకరు వినపడగలరో చూడాలని. ఇప్పుడు యుహా పంపేది సైకిలు వెనక లైటుకి కూడా చాలని కరెంటు. సరిగ్గా అప్పుడే ఆ రొద. వేళ మార్చుకోవచ్చు కదా అని గిరిజ అడిగింది. వేళ మారితే ఆకాశం మారిపోతుంది, పాత కొలతలతో పోలిక పోతుంది అన్నాడాయన. పైగా యుహా ఆ ఇల్లు అమ్మేశాడు. వచ్చే ఆదివారం యాంటెన్నా దించేస్తాడు. ఆ తర్వాత వెళ్ళే అపార్ట్‌మెంటులో యాంటెన్నాకి చోటు లేదు.

"ఈ వారం వినకపోతే ఇంక ఎప్పుడూ వినను, ఫ్రావ్ గిరిజ," అన్నాడు. ఫిర్యాదులా కాదు, వాతావరణం చెప్పినట్టు.

ఆ మాటతో గిరిజకి రెక్కలొచ్చాయి. పని ముగియగానే ఆ సైటు ముందు కూర్చునేది. చీకటి తీసేసి లేత గోధుమరంగు పరిచింది. అక్షరాలు పెద్దవి చేసి, పంక్తుల మధ్య గాలి ఆడనిచ్చింది. నక్షత్రాలన్నీ ఆరిపోయాక అంకెలు తెల్లవారిన ఊళ్ళలా ఒక్కొక్కటే బయటపడ్డాయి. పేజీ అట్టడుగున, ఎవరి కంటికీ ఆనని బూడిదరంగులో ఒక మూల ఉంది. అది ఆ రొద గురించి. ఆగి ఆగి చెక్క తొలిచినట్టు వినపడుతుందని దానికి రేడియో మిత్రులు డార్మ్‌స్టాట్ వడ్రంగిపిట్ట అని పేరు పెట్టారు. కీల్ నుంచి ఒకాయన లిఫ్ట్ మోటారు అన్నాడు. వియన్నా నుంచి ఇంకొకాయన రహస్య ప్రసారమేమో అన్నాడు. పక్కనే గోరంత గుర్తు. హెర్ లెంట్స్ ఆ రొదని రికార్డు చేసి పెట్టిన చోటు అది.

గిరిజ దాన్ని వేలు పట్టేంత పెద్ద బొత్తాం చేసి, పనిచేస్తోందా అని నొక్కింది.

గర్ర్, గర్ర్, గర్ర్. నిశ్శబ్దం. మళ్ళీ ఒక కుదుపు. ఇంకొంచెం నిశ్శబ్దం. తర్వాత పొడుగ్గా, పైపైకి పాకుతూ ఒక్కటే రాగం.

ఇంకోసారి నొక్కింది. మూడోసారికి లేచి నిలబడింది.

సోఫాలో ఫోను చూసుకుంటున్న భర్త రవీంద్రనాథ్‌ని పిలిచింది. అతనిది తెనాలి. ఇంట్లో టిఫిను అతని శాఖ.

"రవీ, పల్లీ చట్నీ ఎట్ల పడ్తవ్ నువ్వు?"

"మిక్సీలో. ఏం, ఉప్పెక్కువైందా?"

"గది కాదు. జర ఇటొచ్చి ఇను."

రవీంద్రనాథ్ విన్నాడు, పక్కన రాసున్నవి చదివాడు. మొహంలో నవ్వూ భయమూ ఒకేసారి కదిలాయి.

"ఆ మూడూ పల్లీలు నలగడానికి. ఆగిందా, అది మూత తీసి గరిటెతో అంచులు తొయ్యడం. తర్వాత చింతపండు నీళ్ళు పోసి మెత్తగా తిప్పడం. అమ్మో, వియన్నా వాళ్ళు కూడా విన్నారా మన చట్నీని?"

హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న మిక్సీ అది. ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో ఇద్దరూ స్టేషన్లో రొట్టె కొనుక్కు తినేవాళ్ళు. ఇంట్లోంచి పని మొదలయ్యాకే రోజూ ఇడ్లీ, రోజూ చట్నీ. ఆ వేళకి గిరిజ చెవుల్లో ఎప్పుడూ మీటింగే.

చెప్తే హెర్ లెంట్స్ ఇంటి యజమానికి ఫిర్యాదు రాస్తాడేమో, కాస్త ఆలోచించు అన్నాడు రవీంద్రనాథ్. ఆ మాట పూర్తయ్యేసరికి గిరిజ మాస్కు తగిలించుకుని రెండేసి మెట్లెక్కుతోంది.

రెండు ఇళ్ళవాళ్ళకి మించి కలవకూడదన్న రోజులవి. హెర్ లెంట్స్ కిటికీలన్నీ తెరిచి, ఆమెని రేడియో ముందు కూర్చోబెట్టాడు. గిరిజ ఫోనులో కిందికి చెప్పింది. వేసెయ్ రవీ. మీటరులో ముల్లు గాలానికి చిక్కిన చేపలా ఎగిరిపడింది. ఆపు. పడుకుంది. మళ్ళీ వేసెయ్. మళ్ళీ ఎగిరింది. మోటారు లోపలి నిప్పురవ్వలు గోడల్లోని తీగల వెంట పాకి వస్తున్నాయి.

"ఏం రుబ్బుతున్నారు?" అని అడిగాడాయన.

"వేరుశెనగపప్పు."

ఆయన మీటరు వంక ఇంకోసారి చూశాడు. తర్వాత, "నేను రెండు దేశాల సైన్యాలను అనుమానించాను," అన్నాడు. మాస్కు వెనక నవ్వు ఆగక దగ్గు వచ్చింది.

కింద రవీంద్రనాథ్ మాత్రం, ఇక చట్నీకి కూడా టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకోవాలన్నమాట అని గొణిగాడు. గొణుగుతూనే మర్నాటి పల్లీలు రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాడు.

శనివారం ఉదయం మంచు కిటికీ దాకా వచ్చి ఆగింది. రెండు జతల హెడ్‌ఫోన్లు. ఆయన ఆమెకి మోర్స్ సంకేతాల్లో ఒక్కటే నేర్పాడు, ఇంగ్లీషు 'జె'తో రాసే యుహా పేరులో మొదటి అక్షరం. ఒకటి పొట్టిది, వెంట మూడు పొడుగువి. ఏడున్నర అయింది. చెవుల్లో శుభ్రమైన గాలి, దూరపు వానలాంటి సవ్వడి. ముల్లు కదల్లేదు. హెర్ లెంట్స్ కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. ఆయన భుజాలు మెల్లగా కుంగుతున్నాయి.

గిరిజ కళ్ళు మూసుకుంది. వానకి అడుగున, వెంట్రుకంత సన్నగా, ఏదో ఉంది. పొట్టిది. పొడుగు, పొడుగు, పొడుగు.

మాట్లాడటానికి భయమేసి, బల్ల మీద వేలితో అదే తట్టింది. ఆయన ఉలిక్కిపడి చూశాడు, తనూ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ వచ్చింది. ఇద్దరి వేళ్ళూ ఒకేసారి తట్టాయి.

"ముల్లు లేవలేదే," అన్నాడు. "ముల్లు చెప్పనిది నేను ఎప్పుడూ రాయలేదు."

"అంకె మార్చను హెర్ లెంట్స్. సున్నా అనే రాస్తాను. పక్కన ఒక గడి కలుపుతాను, విన్నవాళ్ళ పేర్లకి."

ఆయన తలూపాడు. తన పవరు మీట కూడా చివరిదాకా తగ్గించి, జవాబు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టడం అయిపోయింది. ఇద్దరూ హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకున్నారు. సరస్సు ఒడ్డున ఎవరో కళ్ళు మూసుకుని వింటున్నట్టు గిరిజకి తోచింది. పొట్టిది, మూడు పొడుగువి, మళ్ళీ పొట్టిది, మళ్ళీ మూడు. ఈసారి వేగంగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. మోర్స్ రానివాళ్ళకి కూడా అది నవ్వని తెలిసిపోతుంది.