మామ ఆగని పూట

మొన్న రామన్నపేట దాటాక రోడ్డు పక్కన ఒక పొక్లెయిన్ మట్టి తవ్వుతోంది. దాని తొండం మీది నూనె పైపు ఒకచోట ఉబ్బి తడితడిగా మెరుస్తోంది. నా బండి ఆపి డ్రైవరుకు చెప్పాను. "నడుస్తాంది గద సార్" అన్నాడు. పాత కోపం మళ్లీ ఒంట్లోకి వచ్చింది. అచ్చం ఆ మాటే మా మేనమామ నోట ఎన్నిసార్లు విన్నానో.

మామది కేతేపల్లి పక్కన ఊరు, గొర్లు కాసిన కుటుంబం. తెలంగాణ వచ్చాక ఊరూరా చెరువుల్లో పూడిక తీస్తుంటే, మంద అమ్మి పాత పొక్లెయిన్ కొన్నాడు. నేను నల్లగొండలో అలాంటి బండ్లు బాగుచేసే మెకానిక్‌ని కావడంతో నా ఆదివారాలన్నీ మామ బండి తవ్వే చెరువు పాలయ్యాయి. ఇంజను నూనె చూడాలి, కీళ్లకు గ్రీసు కొట్టాలి, చైన్లలో ఇరుక్కున్న రాళ్లు పీకాలి, పైపులు తడిమి చూడాలి. నేను బండి కిందికి దూరానో లేదో "అయిందా అల్లుడా" అని మామ మొదలుపెట్టేవాడు. మట్టి కోసం వచ్చిన ట్రాక్టర్ల వాళ్లు కూడా నన్నే గుర్రుగా చూసేవాళ్లు. ఒకప్పుడు ప్రతి గొర్రె గిట్ట ఎత్తి చూసి గాని మందను తోలని మనిషి మామ. ఆ సంగతి గుర్తుచేస్తే, "గవి పానమున్న జీవాలు. గీ ఇనుముకు ఏం రోగమొస్తది?" అని నవ్వేవాడు. ఆ నవ్వుకు ఏ మెకానిక్ దగ్గర మందుంటుంది?

ఒక ఎండాకాలం తొండాన్ని లేపే పైపు ఉబ్బింది. "మామ, ఇది పగిలితే సలసల కాగే నూనె మీద పడ్తది. నేను సూర్యాపేట పోయి కొత్తది తెస్త. గప్పటిదాంక బండి ముట్టకు" అన్నాను. "సరే తియ్" అన్నాడు. ఆ 'సరే' మీద నమ్మకం లేక తాళంచెవి జేబులో వేసుకునే వెళ్లాను. సరిపడే పైపు దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఈ లోపల మామ చెరువు అవతల పనిచేస్తున్న ఇంకో పొక్లెయిన్ వాళ్ల దగ్గర రెండో తాళంచెవి అడిగి తెచ్చుకున్నాడు. ఒక రకం బండ్లన్నిటికీ ఒకే తాళంచెవి పడుతుంది మరి.

నేను తిరిగి వచ్చేసరికి గట్టు నిండా జనం. మామ జీతానికి పెట్టుకున్న డ్రైవరు తొండం లేపుతుంటే మామ కింద నిలబడి "ఇంకింత, ఇంకింత" అని చెయ్యి ఊపాడట. పైపు పగిలి నూనె ఆ చేతి మీదా భుజం మీదా పడింది. కొత్త పైపు భుజాన వేసుకుని ఆయన ముందు నిలబడితే నాకు ఏడుపు రాలేదు, పళ్లు కొరుక్కునేంత కోపం వచ్చింది.

దవాఖానలో కట్లతో పడుకుని మామ నన్ను దగ్గరికి పిలిచాడు. "గిట్లయితదని తెలిసినోనివి, జర గట్టిగ చెప్పకపోతివి అల్లుడా" అన్నాడు. అత్త మొహం గోడవైపు తిప్పుకుంది. నేను బయటికి వచ్చేశాను.

చెయ్యి మానింది గాని వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. బండి అమ్మేశాడు. ఒక్క పూట ఆగలేకపోయిన మనిషి ఆ తర్వాత నెలల తరబడి మంచం మీద అంత ఓపికగా ఎట్లా ఆగాడో, ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడదు.