బాబాయి అడిగిన కొలత

దడవాయి బాబాయి పోయిన కబురు వచ్చేసరికి నేను మణుగూరులో ఒక ఇంటి డాబా మీద, గాలిలో దుమ్ము కొలిచే మిషను పక్కన కూర్చుని ఉన్నాను. "మీ బాబాయి పొద్దుగాల పోయిండు బిడ్డా. జల్దీ రా" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. మిషను ఎనిమిది గంటలు నడవాలి. మధ్యలో ఆపితే ఆ రోజు లెక్కకు రాదు. ఇంకా మూడు గంటలుంది. నేను ఆపలేదు. ఆ మూడు గంటలూ అక్కడే కూర్చుని, మిషనులో దుమ్ము పట్టిన కాగితం తీసి కవర్లో పెట్టి, అప్పుడు బస్సెక్కాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. ముదిగొండ దగ్గర మా ఊళ్లో మా పక్కింటాయన. మిర్చి యార్డులో రైతుల బస్తాలు తూకం వేసేవారు. ఆ పని చేసే మనిషిని మా వైపు దడవాయి అంటారు. వాడలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ముందు ఆయన చేతుల్లో పెట్టేవారు. ఎత్తుకుని "రెండు కిలోల ఎనిమిది వందలు" అనేవారు. దవాఖానా కాగితం తీసి చూస్తే యాభై గ్రాములు అటూ ఇటూగా ఉండేది. పెళ్లిళ్లలో పెళ్లికొడుకు బరువు కూడా చెప్పబోతే పిన్ని మోచేత్తో పొడిచేది. ఎవరు ఏ అంకె చెప్పినా ఆయన అడిగేది ఒకటే: "తరుగు తీసినవా?" గోనె బరువు, తేమ, మట్టి పోగా మిగిలిందే ఆయన దృష్టిలో సరుకు.

ఇంటర్ తర్వాత నాకు ఒక ప్రైవేటు కాలేజీలో పర్యావరణ ఇంజినీరింగు సీటు వచ్చింది. ఐదు లక్షలు అప్పు కావాలి. నాన్నది కౌలు సేద్యం, ఆయన సంతకం ఒక్కటే చాలదు, ఇంకొకరు పూచీ ఉండాలన్నారు బ్యాంకులో. కాలేజీ వాళ్లిచ్చిన రంగుల కాగితం పట్టుకుని బాబాయి దగ్గరికి పోయాను.

"ఏం చదువు ఇది?"

"గాలి, నీళ్లు ఎంత పాడైనయో కొలిచే చదువు బాబాయ్."

"గాలిని గూడ కొలుస్తరా?" అని కాసేపు ఆశ్చర్యపోయారు. తర్వాత కాగితం మీద జీతం అంకె చూసి, వెనక్కి తిప్పి పెన్ను తీశారు. "ఇది కాలేజోళ్లు చెప్పిన జీతం. సగం రాసుకుందాం." అందులోంచి రూము కిరాయి, తిండి, బస్సు, బ్యాంకు కిస్తీ ఒక్కొక్కటే తీసేశారు. నెలకు మిగిలింది పద్దెనిమిది వందలు. "ఏడేండ్లు గిట్లనే ఉంటది. కంప్యూటర్ చదువైతే గింత తిప్పలుండదు. వద్దు బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. "నన్ను గూడ మిర్చి బస్తా లెక్క చూస్తున్నవా?" అన్నాను.

"అవ్. తూకం తప్పితే ఆడ రైతు మునుగుతడు, ఈడ నువ్వు మునుగుతవ్."

అయినా నాకదే కావాలన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే. చెప్పాల్సింది నేను చెప్పిన. సంతకం ఏడ పెట్టాలె?" అన్నారు. ఆ సంతకం లేకపోతే నేను ఇంజినీరునే కాను.

ఉద్యోగం మణుగూరులో దొరికింది. ఒక ల్యాబ్ తరఫున కాంట్రాక్టు మీద బొగ్గు గనుల చుట్టూ ఉన్న కాలనీల్లో, అడవి అంచు పల్లెల్లో దుమ్ము కొలవడం. మొదటి నెల ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలినదానికి, ఆయన వేసిన లెక్కకు రెండు వందలే తేడా. ఆ మాట చెప్పడానికి నవ్వుకుంటూ వెళ్తే ఆయన ముఖం చిన్నబోయింది. "నా లెక్క తప్పయితే బాగుండు అనుకున్న" అన్నారు.

ఆ రోజే నా పని గురించి అడిగారు. తెల్ల కాగితాన్ని ముందు తూచి మిషనులో పెడతాం, గాలి లాగాక మళ్లీ తూస్తాం, పెరిగిన బరువే దుమ్ము అని చెప్పాను. "నువ్వు గూడ దడవాయివేనాయె" అని తెగ సంబరపడ్డారు. అంతలో దగ్గు తెర వచ్చింది. సీజన్లో అది మామూలే. కుప్పలు ఎత్తుతుంటే లేచే ఘాటుకు యార్డులో అందరూ దగ్గుతారు, బెల్లం ముక్క నోట్లో వేసుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిలో పడతారు. దగ్గు ఆగాక అడిగారు: "మా యార్డుల ఒక్కనాడు పెట్టరాదు ఆ మిషను? ఎంతుందో చూద్దాం."

నేను అక్కడికక్కడే లెక్క వేశాను. మిషను ల్యాబ్‌ది. ఒకరోజు కిరాయి, పరీక్ష ఖర్చు కలిపితే నా కిస్తీలో సగం. "పర్మిషన్లు గావాలె బాబాయ్. లోన్ అయిపోనీ, తర్వాత పెడ్త" అన్నాను. "అట్లనే తియ్. నాకేం తొందర" అన్నారు. ఆ లెక్క ఆయన దగ్గర నేర్చుకున్నదే. అందులో ఆయన్నే తరుగు కింద తీసేశాను. తర్వాత మూడు సీజన్లు గడిచాయి, ఆయన మళ్లీ అడగలేదు.

బాబాయి పోయిన పదో రోజున పిన్ని చెప్పింది. చివర్లో చూపించుకోవడానికి పోతే టౌన్లో డాక్టరు, ఎన్నేళ్లు పనిచేశారు, ఎంత దుమ్ము పీల్చారు అని అడిగాడట. "ముప్పై ఏండ్లు సార్. దుమ్ము సంగతి మా బిడ్డ చెప్తది, ఇంకా కొలవలేదు" అన్నారట బాబాయి. "డాక్టర్ తోటి గూడ నీ ముచ్చటే" అని పిన్ని మురిసిపోతూ చెప్పింది. దుమ్ము వల్లే ఆయన పోయారని నేను అనలేను. అనడానికి కావలసిన అంకె నా దగ్గర లేదు. కొలవగలిగీ కొలవలేదు.

ఇప్పుడు డాబాల మీద మిషను వేసినప్పుడల్లా, అది గాలి లాగే చప్పుడులో ఆయన ఊపిరి వినిపిస్తుంది. మొదట్లోనే ఆపి మళ్లీ వేస్తాను, అయినా వినిపిస్తుంది. ఈ చదువు చదవొచ్చా అక్కా అని ఊళ్లో పిల్లలు అడుగుతుంటారు. జీతం, కిస్తీ రెండూ దాచకుండా చెబుతాను. మొత్తానికి గిట్టుబాటేనా అంటే మాత్రం, మీరే లెక్క వేసుకోండని పెన్ను వాళ్ల చేతికిస్తాను.

పోయిన వారం కిరాయి కట్టి మిషను యార్డుకు తీసుకుపోయాను. నేను సాకుగా చెప్పిన పర్మిషను ఐదు నిమిషాల్లో ఇచ్చారు. పరీక్ష కోరినవారు ఎవరు అన్నచోట బాబాయి పేరు రాశాను. ఎనిమిది గంటల తర్వాత మూత తీశాను. మణుగూరులో నల్లగా వచ్చే కాగితం ఇక్కడ ఎర్రగా వచ్చింది. హమాలీలు, రైతులు, చీపురు పట్టుకున్న ఆడవాళ్లు చుట్టూ మూగారు. దగ్గు వచ్చినవాళ్లు కాగితం మీద పడకుండా పక్కకు తిరిగి దగ్గి, మళ్లీ వంగి చూశారు.