తూకం చీటీల ప్రోగ్రాంలో నేను చేర్చిన లైను

ఇరవై ఏళ్లుగా ఒక పాపం మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. జావాలో నన్ను మించినవాడు గోదావరికి ఏ గట్టునా లేడనుకునేవాణ్ణి. అప్పుడు నాగమణి చేరింది. అంతర్వేది వైపు అమ్మాయి, తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. పావుగంట పట్టే నా రిపోర్టును ఆమె తీసుకుని, నేను ఒక్కో మాటనీ ప్లస్ గుర్తుతో అతికిస్తూ పోయిన చోట, అన్నిటినీ ఒకేచోట పోగేసే స్ట్రింగ్‌బఫర్ పెట్టింది. టీ వచ్చేలోపే రిపోర్టు వచ్చేసింది. ప్రొప్రయిటరు గారు అందరి ముందూ నన్ను చూసి నవ్వారు. ఎకరాలున్న ఇంట పుట్టినవాణ్ణి, వేటకెళ్లేవాడి కూతురి ముందు తల దించుకోవాలా అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను. ఇప్పుడు మర్యాదగా మార్చి చెప్పడం దేనికి?

జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పామాయిల్ ఫ్యాక్టరీకి తూకం చీటీల ప్రోగ్రాం ఆమే రాసింది. ట్రాక్టరు కాటా ఎక్కగానే చీటీ రావాలి. కోసిన గెలలు ఎండలో ఆగితే బరువు తగ్గుతాయి. ప్రోగ్రాంను సీడీలోకి ఎక్కించే పని నాది. ఎక్కించే ముందు, ప్రతి చీటీ తర్వాత మెమరీలో పోగైన చెత్తంతా ఊడ్చమని ఒక్క లైను చేర్చాను. జావా యంత్రం అవసరమైనప్పుడు తనే ఊడ్చుకుంటుంది. మనం బలవంతపెడితే చేతిలో పని ఆపేసి మూలమూలా వెతుకుతుంది. ఆమె దగ్గరున్న కాపీలో ఆ లైను లేదు. ఎంత వెతికినా దొరకదు.

నేనూ ఆమెతో ఫ్యాక్టరీకి వెళ్లాను, చూడ్డానికే. మధ్యాహ్నానికి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి. రైతులు ఆమె మీదకు కేకలేస్తున్నారు. ప్రోగ్రాంకి ఇచ్చిన మెమరీ పెంచమంటారా అని నన్ను అడిగింది. పెంచమన్నాను. ఆ కంప్యూటర్లో అంత మెమరీ లేదని నాకు తెలుసు. అప్పటిదాకా నత్తనడక నడిచింది కాస్తా పూర్తిగా చతికిలపడింది.

"సార్, మీరొక్కసారి చూడండి. నాకేం దొరకట్లేదండి."

"చూస్తాను. ముందు నీకు రాదని ఆయనకి చెప్పు," అని ఫ్యాక్టరీ మేనేజరును చూపించాను.

ఆమె ఆయన వైపు తిరిగింది. "నాకు రాదండి," అంది.

కడుపు నిండినట్టయింది నాకు. అప్పుడు కూర్చుని, పెంచిన మెమరీ తగ్గించి, నా లైను తీసేశాను. చీటీలు టకటకా వచ్చాయి. ఎవరో నాకు కొబ్బరి బొండాం కొట్టిచ్చారు, తాగాను. అక్కడితో ఆగి ఉంటే, ఒక్క పూట ఏడిపించి ఊరుకున్నానని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణేమో, కానీ ఆ శనివారం ప్రొప్రయిటరు గారు ఆమెను పనిలోంచి తీసేస్తుంటే నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదు? భయమా? కాదు. చూడాలనిపించింది.

పది రోజులకు ఉత్తరం రాసింది. తప్పెక్కడుందో చెబితే నేర్చుకుంటానండి అని. "ఒక చోట కాదు. ఈ పని నీ వల్ల కాదు, మానెయ్," అని కార్డు రాశాను. తర్వాత ఆమె కంప్యూటర్ ముట్టుకోలేదని ఆమెతో చదువుకున్న అమ్మాయి చెప్పింది.

క్షమించమని ఎవరినీ అడగను. చెప్పేశాక గుండె కాస్త తేలికైంది, అంతే. ఆమె రాసినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆ కార్డు రాసే ముందు మొత్తం చదివి మరీ చూశాను.