జర నువ్వు వాసన చూడు

మా కింది పోర్షన్ మేడమ్ పోయారని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను నారాయణగూడలో మా ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడట. ఎవరైనా అయితే "అయ్యో" అంటారు. నా నోట మొదట వచ్చింది మాత్రం, "గ్యాస్ కట్టేసి ఉన్నదా?" అన్న మాట. అవతల ఆ పిల్ల, "కట్టేసే ఉన్నది అక్కా. ఎందుకట్ల అడిగిన్రు?" అంది. "ఊరికే" అన్నాను. రెండేళ్ళుగా ఈ ఫోన్ ఎప్పుడొస్తుందా అని వణుకుతూ బతికినదాన్ని. అది ఇంత మామూలుగా వచ్చేసరికి కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

మేడమ్ ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునేవారు. రిటైరయ్యాక అశోక్‌నగర్‌లో మా బిల్డింగ్ మొదటి అంతస్తులో కిరాయికి దిగారు. ఆ పైన మేము. మా పైన, పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్. కొడుకు అంబర్‌పేట్‌లోనే ఉంటాడు, వచ్చి తమతో ఉండమని పోరు పెట్టేవాడు. "నా పొయ్యి నాకుండాలె" అనేవారు ఆమె. అంతకుమించి వాదించేవారు కాదు.

నాకు షుగర్ బయటపడినప్పుడు, పొద్దున్నే ఇడ్లీ దోశలు తగ్గించి గుడ్లు, ఆకుకూరలు తినమన్నాడు డాక్టర్. వారం రోజులు ఆమ్లెట్ తినేసరికి గుడ్డు మొహం చూస్తేనే విసుగు పుట్టింది. మెట్ల మీద నా సణుగుడు విని మేడమ్ నవ్వారు. "ఐతారం పొద్దున కిందికి రా. నీకో ప్రయోగం చూపిస్త" అన్నారు.

ఆ ప్రయోగం పేరు గుడ్ల కేక్. యూట్యూబ్‌లో దాన్ని క్యాసరోల్ అంటారట. మా ఇళ్ళలో క్యాసరోల్ అంటే చపాతీలు పెట్టుకునే డబ్బా కాబట్టి ఆమె పేరు మార్చేశారు. ఓవెన్ లేదు. పాత అల్యూమినియం కుక్కర్ అడుగున దొడ్డుప్పు పరిచి, విజిల్, రబ్బరు తీసేసి వేడి చేసేవారు. ఒక్క చెంచా నూనెలో ఉల్లిగడ్డ, క్యారెట్ తురుము, పాలకూర వేయించి, ఆరు గుడ్లు, అర గ్లాసు పాలు, కాస్త పనీర్, మిరియాల పొడి కలిపి గిన్నెలో పోసి ఆ ఉప్పు మీద పెట్టేవారు. నలభై నిమిషాలు సన్న మంట. "పాలకూర నీళ్ళు పిండకుంటే అది కేక్ కాదు, చెరువు అయితది" అని మొదటి రోజే నన్ను మందలించారు. పైన ఎర్రగా, లోపల మెత్తగా వచ్చింది. నాలుగు ముక్కలు తిన్నాను. షుగర్ వచ్చిన తర్వాత తృప్తిగా తిన్న మొదటి టిఫిన్ అదే.

ఆమెకో పట్టుదల ఉండేది. ఏ గుడ్డునూ నేరుగా గిన్నెలో కొట్టనిచ్చేవారు కాదు. ఒక్కొక్కటీ చిన్న స్టీలు గిన్నెలో కొట్టి, వాసన చూసి, అప్పుడు పెద్ద గిన్నెలో వంచాలి. "ఆరోది పాడైందనుకో, ముందటి అయిదు మోరీల పోసుడే గద!" వాసన చూడటానికి కూడా పద్ధతుంది. ముక్కు దగ్గరికి పెట్టకూడదు. అరచేత్తో గాలిని మెల్లగా తనవైపు విసురుకోవాలి. ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పిల్లలకు నేర్పిన పద్ధతి.

ఒక ఆదివారం గుడ్డు కొట్టి, గిన్నె నా వైపు చాచారు. "జర నువ్వు వాసన చూడు." చూశాను. బాగుందన్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. నాకు పని అప్పగిస్తున్నారని మురిసిపోయాను! "నా ముక్కు పాసైందా మేడమ్?" అంటే, "ఫస్ట్ క్లాస్" అనేవారు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. ఒకసారి పాలు మాడి మెట్లన్నీ కంపు కొడుతుంటే ఆమె ముందు గదిలో కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు. ఇంకోసారి నాకిచ్చిన పెరుగు పులిసి బూజు వాసన. వయసు మీద పడిందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక ఆదివారం పొద్దున నేను దిగుతుండగా మూడో మెట్టు దగ్గరే గ్యాస్ వాసన గుప్పుమంది. తలుపు తోసుకుని పరిగెత్తాను. వంటింట్లో మేడమ్ వంగి కుక్కర్ కిందికి చూస్తున్నారు. చేతిలో లైటర్. "కిటికీ గాలికి మంట ఆరిపోయినట్టున్నది, మల్ల ముట్టిస్తున్న..." అంటున్నారు. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. లైటర్ కింద పడింది. ఆమె నా మొహం చూశారు, ఆ తర్వాత పొయ్యి చూశారు. నేను నాబ్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, ఆమెను మెట్ల మీదికి లాక్కొచ్చాను. పై నుంచి హాస్టల్ పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

"ఎప్పటిసంది వాసన తెలుస్తలేదు మేడమ్?" అని అడిగాను.

"కరోనా వచ్చిపోయిన సంది. వస్తది వస్తది అనుకున్న. వస్తలేదు." నా చెయ్యి పట్టుకున్నారు. "నా కొడుక్కి చెప్పకు. చెప్తే పొయ్యి బంద్ చేస్తడు. పొయ్యి బంద్ అయితే నేను బంద్ అయినట్టే."

చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇండక్షన్ పొయ్యి కొనిచ్చాను. ఆ అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. ఆమె దాని మీద చాయ్ మాత్రం పెట్టుకునేవారు. అప్పట్నుంచి నేనే ఆమె ముక్కునయ్యాను. ఆఫీసుకు పోతూ ఒకసారి, వచ్చి ఒకసారి ఆమె తలుపు ముందు నిలబడి గాలి పీల్చేదాన్ని. చిక్కడపల్లిలో కూరగాయలు కొంటూ ఉన్నట్టుండి ఆమె పొయ్యి గుర్తొచ్చి, సంచీ దుకాణంలోనే వదిలేసి ఇంటికి పరిగెత్తిన రోజులున్నాయి. ఒకసారి ఆమె కొడుకు మెట్ల దగ్గర ఆపి, "అక్కా, అమ్మ మంచిగనే ఉంటున్నదా? మీరున్నరనే ధైర్యం" అన్నాడు. "మంచిగనే ఉన్నరు" అన్నాను. హాస్టల్ కిటికీల్లో లైట్లు చూసినప్పుడల్లా ఇంతమంది ప్రాణాలు నా ఒక్క ముక్కు మీద వేలాడుతున్నాయనిపించేది. తమ్ముడూ, ఇది చదువుతున్నావు కదా, మీ అమ్మ సంగతి దాచినందుకు నన్ను క్షమించు. అయినా ఆమె చివరి రోజు దాకా తన పొయ్యి మీద తనే వండుకున్నారు. అది కూడా నిజమే.

దినం అయ్యాక కోడలు ఆ కుక్కర్ తెచ్చి నాకిచ్చింది. అడుగున ఉప్పు అలాగే ఉంది, నల్లబడి.

పోయిన ఆదివారం మొదటిసారి నా పొయ్యి మీద దాన్ని పెట్టాను. బాండీలో ఉల్లిగడ్డ వేసి, ఆమె లాగే చిన్న స్టీలు గిన్నెలో గుడ్లు కొట్టడం మొదలుపెట్టాను. అరచేత్తో గాలి విసురుకున్నాను. ఏ వాసనా లేదు. మంచి గుడ్డుకు వాసన ఏముంటుందిలే అనుకుని వంచేశాను. రెండోది. మూడోది.

హాల్లోంచి మా ఆయన అరిచారు. "ఏందే, ఉల్లిగడ్డ మాడిపోతున్నది, వాసన వస్తలేదా నీకు?"

పక్కకు తిరిగి చూశాను. బాండీలోంచి పొగ లేస్తోంది. ఉల్లిగడ్డ బొగ్గయింది. బాండీ మీదికి వంగి గట్టిగా పీల్చాను. కళ్ళు మండాయి. అంతే. పొయ్యి కట్టేశాను. కట్టేశానా లేదా అని మళ్ళీ చూశాను.

జలుబు కావచ్చు. నాలుగు రోజులుగా తల బరువుగానే ఉంది.

మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నాలుగో గుడ్డు కొట్టి, గిన్నె ఆయన వైపు చాచాను. నవ్వడానికి ప్రయత్నించాను.

"జర మీరు వాసన చూడుండ్రి."