ఒక్క దెబ్బ అంటే ఆపమని

నమ్మితే నమ్మండి, లేదంటే దుప్పటి కప్పుకొని పడుకోండి. తినే అన్నం మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు.

రెండువేల నాలుగో, అయిదో. మా అమ్మ జ్వరమొచ్చి పోయిన ఏడాది. మాది కొత్తకోట. నాయినకు తన పెళ్లినాటి పికప్ బండి ఒకటుండేది. అందులో వేరుశనగ మూటలు వనపర్తి మార్కెట్టుకు తోలేవాడు. క్లీనరెవరనుకున్నారు? అమ్మే! వెనక మూటల మీద రాణిలా కూర్చొని, క్యాబిన్ రేకు చరిచి బండిని ఆపించేది, పోనిచ్చేది. తర్వాత బండి చెడిపోయి పెరట్లో తుప్పు పట్టింది. అమ్మ పోయాక నాయినా అంతే. తినడు, మాట్లాడడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈయన కూడా పోతాడేమోనని నాకు ఒకటే గుండె దడ.

ఒకరోజు కసిరాను. "నాయినా, బండి బాగుచేద్దామా, తుక్కోళ్లకు అమ్మెయ్యాల్నా?"

దెబ్బకు లేచాడు. "అమ్ముతవా? ఏది, జర పానా ఇటియ్యి!"

ఎండాకాలమంతా అదే పని. ఆయన ఇంజను కింద, నేను తుప్పు గీకుతూ. గోకీ గోకీ నా గోళ్లు అరిగిపోయాయి. కానీ నాయిన రెండు పూటలా తినడం మొదలుపెట్టాడు. నాకింకేం కావాలి చెప్పండి?

చివరికొకరోజు ఇంజను స్టార్టయ్యేసరికి చీకటి పడింది. పొద్దున పోదామన్నాను. వింటేగా! చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, వనపర్తి రోడ్డెక్కించాడు. వెనక తలుపు ఇంకా వెల్డింగు దుకాణంలోనే ఉంది. బండి వెనక ఖాళీ... తాడు ముక్క కూడా లేదు.

ఊరు దాటాం. నాయిన కూనిరాగం తీస్తున్నాడు. ఎన్నాళ్లకో! నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు... ఫట్!

సరిగ్గా మా తలల మీద. క్యాబిన్ రేకును ఎవరో అరచేత్తో చరిచినట్టు. ఒక్కటే.

నాయిన కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. బండ్లవాళ్ల లెక్క మీకు తెలుసుగా... ఒక్క దెబ్బ అంటే ఆపమని, రెండంటే పొమ్మని.

ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోకి కూడా చూడలేదు.

"మీ అమ్మ..." అన్నాడు మెల్లగా.

"ఏం మాట్లాడుతున్నవ్ నాయినా! పాత రేకు, సప్పుడైతది. పోనియ్యి."

"ఎట్ల పోనిస్త? రెండు కొట్టలే గదా."

దిగాను. టార్చి వేశాను... ఎవరూ లేరు. పైన కొమ్మ లేదు, తీగ లేదు. రెండు పక్కలా బీడు పొలాలు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

ఎంత బతిమాలినా నాయిన కదలడు. ఇంజను నడుస్తూనే ఉంది. చేతులు స్టీరింగు మీద, చెవులు వెనక్కి. ఎంతసేపని? ఇక నా వల్ల కాలేదు. చప్పుడు కాకుండా వెనకెక్కి, రేకు మీద నేనే చరిచాను. ఫట్... ఫట్.

బండి కదల్లేదు. తర్వాత లోపలి నుంచి...

"అది నీ చెయ్యి, బిడ్డా."

తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

నాకు బండి నడపడం రాదు; తెల్లారి ట్రాక్టరుతో ఇంటికి లాగించాను. నాయిన మళ్లీ దాన్ని ముట్టలేదు. కంచాన్నీ సరిగ్గా ముట్టలేదు. ఆ దసరా ఆయన చూడలేదు.

వేడెక్కిన రేకు చల్లారేటప్పుడు ఒక్కోసారి అలా మోగుతుందని మెకానిక్కులు అంటారు. కావచ్చు. నాకైతే ఈరోజుకీ తెలియదు. కానీ అది అమ్మే అయితే... ఆపింది సరే, పొమ్మనకుండా ఎలా వెళ్లిపోయింది? మేం ఆమెకేం అన్యాయం చేశాం?